మొక్క ఆహారము మట్టిలో నున్నదా? – కిరణజన్య సంయోగక్రియను గూర్చి తల్లిదండ్రులకొక పాఠము

ఈ సంచికను చదువు తల్లిదండ్రులలో పెక్కుమంది సేద్యము చేయువారు, లేదా సేద్యము చేసిన యింట పుట్టినవారు. హోసూరు, తళి, బాగలూరు, వేపనపల్లి ప్రాంతముల తెలుగు కుటుంబములకు రాగిచేను, టమాటతోట, మామిడితోపు క్రొత్తవి కావు. గులాబీలు పెంచు పాలీహౌసులను కూడ మన పిల్లలు బడికి వచ్చు దారిలో దినమును చూచుచున్నారు. అట్టి యింటి బిడ్డలు పై తరగతులలో కిరణజన్య సంయోగక్రియ యను పాఠమును చదువుదురు. సమీకరణమును తప్పులేకుండ వ్రాయుదురు. మార్కులును వచ్చును.

అయితే ఆ బిడ్డనే మామిడితోపునకు తీసికొనిపోయి, "ఈ మానులో నున్న యింత కర్ర యెక్కడ నుండి వచ్చినది?" అని యడిగినచో, "మట్టిలో నుండి" యని వెంటనే బదులు చెప్పును. ఇంటి పెద్దల నడిగినను అదియే యుత్తరము. సమీకరణము నోటికి వచ్చినది గాని చెట్టుకడకు రాలేదన్నమాట. ఈ లోటు పిల్లల తెలివిలో నున్నది కాదు. బిడ్డకు పాఠము తెలియును, తండ్రికి చేను తెలియును. ఈ రెండు తెలివిడులును ఇంట ఒకచోట కూర్చుండి మాటలాడుకొనుట లేదు. ఆ మాట నడచుటకు ఇద్దరికిని తెలిసిన భాష కావలెను. మన పాఠశాల తెలుగులో శాస్త్రము చెప్పుటకు గల కారణములలో ఇదియొకటి. కావున ఈ పాఠమును పిల్లలకు గాక పెద్దలకే చెప్పదలచితిమి.

తూకము చెప్పిన సంగతి

మొక్క మట్టిని తిని పెరుగునను నమ్మకము మనకు మాత్రమే కలిగినది కాదు. ఐరోపాలోను వేల సంవత్సరములు పండితులు అట్లే తలచిరి. దానిని త్రాసులో పెట్టి చూచినవాడు వాన్ హెల్మాంట్ అను వైద్యుడు. ఆయన ఒక పెద్ద తొట్టిలో ఎండబెట్టిన మట్టిని 200 పౌనులు తూచి పోసి, 5 పౌనుల బరువు గల విల్లో మొక్కను నాటెను. అయిదు సంవత్సరములు నీరు తప్ప మరేమియు పోయలేదు. పిమ్మట చెట్టును పెరికి తూచగా అది 169 పౌనులకు పైగా తూగెను. మట్టిని మరల ఎండబెట్టి తూచగా సుమారు 2 ఔన్సులు మాత్రమే తగ్గియుండెను. ఈ సంగతి ఆయన మరణానంతరము 1648లో అచ్చయిన గ్రంథములో నున్నది.

చెట్టు 160 పౌనులకు పైగా పెరిగినది, మట్టి 2 ఔన్సులు తగ్గినది. కావున మట్టి చెట్టునకు ఆహారము కాదని తేలినది. అయితే హెల్మాంట్ తాను పోసిన నీరే కర్రగా మారినదని తలచెను. ఇందులో నొక విచిత్రము కలదు. బొగ్గును కాల్చగా వెలువడు వాయువును గుర్తించినవారిలో ఆయనయే మొదటివాడు. "గ్యాస్" అను మాటను పుట్టించినవాడును ఆయనయే. తన చెట్టు ఆ వాయువునే పీల్చి పెరిగినదని మాత్రము ఆయనకు తోచలేదు.

మన యిండ్లలోనే దీనికి నిదర్శనము కలదు. పొయ్యిలో ఒక మోపు ఎండుకర్ర కాల్చినచో మిగులునది గుప్పెడు బూడిద. మట్టి నుండి చెట్టు తీసికొన్న ఖనిజములలో చాలవరకు ఆ గుప్పెడే. తక్కినది గాలిలో కలిసిపోయినది, ఏలయన అది వచ్చినది గాలి నుండియు నీటి నుండియు గనుక. కర్ర కాలునప్పుడు మనకు తగులు వేడి, ఆకులు ఏండ్ల తరబడి దాచిపెట్టిన ఎండయే. ఎండిన మొక్క బరువులో నూటికి 90 పాళ్లకు పైగా గాలి, నీరు ఇచ్చినదే యని నేటి శాస్త్రము చెప్పుచున్నది.

గాలియు వెలుగును

గాలి సంగతి తేలుటకు నూరేండ్లకు పైగా పట్టినది. 1771లో ఇంగ్లండు దేశపు ప్రీస్ట్‌లీ మూసిన గాజుపాత్రలో క్రొవ్వొత్తిని వెలిగించెను. అది ఆరిపోయినది. ఆ చెడిన గాలిలో పుదీనా కొమ్మ నుంచగా, కొన్ని దినములకు ఆ గాలిలో క్రొవ్వొత్తి మరల వెలిగినది. మొక్క చెడిన గాలిని బాగుచేయునని దీనివలన తెలిసినది. కాని ఇదే ప్రయోగము ఒకప్పుడు ఫలించుచు, ఒకప్పుడు ఫలింపక పండితులను తికమక పెట్టెను. దానికి కారణము చెప్పినవాడు డచ్చి వైద్యుడైన ఇంగెన్‌హౌస్. మొక్క గాలిని బాగుచేయుట వెలుగులో మాత్రమే జరుగుననియు, పచ్చని భాగములు మాత్రమే అది చేయగలవనియు 1779లో ఆయన తెలియజెప్పెను. అటుపిమ్మట సెనెబియే అను జెనీవా పండితుడు మొక్కకు బొగ్గుపులుసు వాయువు కావలెననియు, 1804లో సొస్యూర్ అను మరియొక జెనీవా పండితుడు నీరు కూడ మొక్క బరువులో చేరుననియు స్థాపించిరి.

ఇచ్చట మాటలను గూర్చి ఒక మనవి. పెద్దలు చదివిన పుస్తకములలో బొగ్గుపులుసు వాయువు, ప్రాణవాయువు అని యుండెను. నేటి పిల్లల పుస్తకములలో కార్బన్ డయాక్సైడు, ఆక్సిజన్ అని యున్నవి. రెండును ఒకటే. ఇంట మాటలాడునప్పుడు రెండు పేర్లను కలిపి వాడినచో బిడ్డకు మేలే గాని కీడు లేదు. కిరణజన్య సంయోగక్రియ యను పెద్ద మాటను విడదీసిన అర్థము సులభము: కిరణముల వలన పుట్టిన కలయిక. గాలిని, నీటిని కిరణముల బలముతో కలుపుట యని భావము.

ఆకులో జరుగు పని

ఆకు అడుగుభాగమున కంటికి కానరాని రంధ్రములు వేలకొలది యున్నవి. వీనిని పత్రరంధ్రములందురు. వీని గుండ బొగ్గుపులుసు వాయువు లోపలికి పోవును. నీరు వేళ్ల నుండి కాండము గుండ ఆకునకు చేరును. ఆకు కణములలో పచ్చని చిన్న బిళ్లల వంటివి కలవు. పత్రహరితము వానిలో నుండును. ఆ పచ్చని పదార్థమే ఎండను పట్టుకొనును. అది ఎరుపు, నీలము కిరణములను ఎక్కువగా తీసికొని, ఆకుపచ్చను అంతగా తీసికొనదు. అందుచేతనే ఆకు మన కంటికి పచ్చగా కనబడుచున్నది.

పని రెండు అంచెలుగా జరుగును. మొదటి అంచెకు వెలుగు కావలెను. పట్టుకొన్న వెలుగు బలముతో నీరు విడిపోయి ప్రాణవాయువు వెలికి పోవును. మనము పీల్చు ప్రాణవాయువు బొగ్గుపులుసు వాయువులో నుండి వచ్చినదని చాలకాలము తలచిరి. అది నీటి నుండి వచ్చినదని 1941లో బరువైన ఆక్సిజన్‌ను గుర్తుగా వాడి రూఢి చేసిరి. రెండవ అంచెలో, మొదటి అంచె కూడబెట్టిన శక్తితో బొగ్గుపులుసు వాయువును చక్కెరగా అల్లును. ఈ అంచె నేరుగా వెలుగును వాడుకొనదు. అందలి మెట్లను ఒక్కొక్కటిగా వెదకి తీసిన అమెరికా శాస్త్రజ్ఞుడు మెల్విన్ కాల్విన్‌కు 1961లో నోబెల్ బహుమానము లభించెను.

పిల్లలు వ్రాయు సమీకరణము నిజమునకు ఒక జమాఖర్చు పద్దు. 264 గ్రాముల బొగ్గుపులుసు వాయువు, 108 గ్రాముల నీరు జమ. 180 గ్రాముల చక్కెర, 192 గ్రాముల ప్రాణవాయువు ఖర్చు. రెండు ప్రక్కలను కూడిన 372 గ్రాములే. అంగడి లెక్కలు వ్రాయు తండ్రి యెవరైనను ఈ పద్దును బిడ్డతో సరిచూడగలడు. ఈ చక్కెరలో కొంత పిండిపదార్థముగా ఆకులోనే దాగును; కొంత కాండమునకు, గింజకు, దుంపకు పోవును. రాగిముద్దయు, మామిడిపండును అట్లు వచ్చినవే.

మొక్క తానును శ్వాసించును. పగలును రాత్రియు ప్రాణవాయువును తీసికొని బొగ్గుపులుసు వాయువును విడుచుచునే యుండును. పగలు ఆకు చేయు పని అంతకు మించినది గావున శ్వాస బయటపడదు. వేకువ, సంధ్య వేళలలో ఒకప్పుడు రెండును సరిసమానమగును. రాత్రి శ్వాస మాత్రమే మిగులును. పగలు చేసినదానిలో శ్వాసకు పోగా మిగిలినదే పెరుగుదల, అదియే పంట.

మరి ఎరువు సంగతి యేమి?

మట్టి ఆహారము కానిచో ఎరువు వేయుట యెందులకని రైతు తప్పక అడుగును. న్యాయమైన ప్రశ్న. వంటయింటిలో పొయ్యి, కుండ, గరిటె ఆహారము కావు. కాని అవి లేక వంట లేదు. పత్రహరితపు ప్రతి అణువులోను ఒక మెగ్నీషియం పరమాణువు, నాలుగు నత్రజని పరమాణువులు కలవు. నత్రజని లేక పత్రహరితము లేదు, పత్రహరితము లేక వంట లేదు. నత్రజని కొరవడిన పైరున అడుగాకులు ముందుగా పసుపు పచ్చబడుట రైతులందరు ఎరిగినదే. యూరియా వేసిన కొన్ని దినములలో చేను పచ్చబడుటకు కారణమిది. ఎరువు వంటపాత్రలను సమకూర్చును. బియ్యము, నీరు, నిప్పు వేరుగా రావలెను.

వేగమును నిర్ణయించునవి

ఇక పాఠములో ముఖ్యభాగమునకు వచ్చుచున్నాము. ఆకు ఈ పనిని ఒకే వేగముతో చేయదు. వెలుగు, బొగ్గుపులుసు వాయువు, వేడిమి, నీరు, పత్రహరితము – వీనిని బట్టి వేగము మారును. ఇవి ఎట్లు కలిసి పనిచేయునో 1905లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు బ్లాక్‌మన్ ఒక సూత్రముగా చెప్పెను. అనేక కారణములు కలిసి నడుపు పని యొక్క వేగమును, వానిలో మిక్కిలి కొరతగా నున్న కారణమే నిర్ణయించునని దాని సారము.

ఇది తల్లులకు సులభముగా తెలియును. ఇడ్లీకి నాలుగు పాళ్ల బియ్యమునకు ఒక పాలు మినపపప్పు చొప్పున నానబెట్టు ఇంటిలో పప్పు ఒక గ్లాసే యున్నదనుకొందము. బియ్యము నాలుగు గ్లాసులున్నను నలుబది గ్లాసులున్నను ఇడ్లీలు అన్నియే. ఇంకొక గ్లాసు పప్పు తెచ్చిననే ఎక్కువగును. పప్పు కొరతగా నున్నప్పుడు బియ్యము కొనుట వ్యర్థము. పైరు సంగతియు ఇంతే.

వెలుగు: మామిడిచెట్టు నీడలో వేసిన టమాట మొక్క బారుగా సాగును గాని కాయదు. అక్కడ కొరత వెలుగు. ఆ మొక్కకు ఎంత ఎరువు వేసినను ఆ కొరత తీరదు. వెలుగు పెరిగినకొలది వేగము పెరుగును. కాని ఒక హద్దు దాటిన పిదప పెరగదు. వరి, టమాట వంటి పైరులలో ఎండ తగులు పై ఆకు మధ్యాహ్నపు పూర్తి యెండలో సగమునకే చాలునను స్థితికి వచ్చును. అయినను అడుగాకులు నీడలోనే యుండును గావున, మొక్కల నడుమ తగిన ఎడము వదలుట మేలు.

బొగ్గుపులుసు వాయువు: గాలిలో ఇది మిక్కిలి స్వల్పము. 1958లో హవాయి దీవిలో కొలుచుట ప్రారంభించినప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో సుమారు 315 పాళ్లుండెను. నేడు 420 దాటినది. మంచి వెలుగు, నీరు ఉన్నప్పుడు పైరునకు కొరత తరచుగా ఇదియే. పాలీహౌసును పగలు పూర్తిగా మూసియుంచినచో లోపలి గాలిలోని ఈ వాయువును గులాబీలే త్వరగా వాడివేయును. ప్రక్కతెరలను ఎత్తుట వేడి తగ్గించుటకు మాత్రమే కాదు, క్రొత్త గాలి నిచ్చుటకును. అయితే గాలిలో ఈ వాయువు పెరుగుచున్నది గనుక పంటలు పెరుగునని సంతోషించుటకు వీలులేదు. దానితోపాటు భూమి వేడెక్కుచున్నది. వాన తప్పినప్పుడు నీరు కొరతయగును. అప్పుడు గాలిలోని అధికము అక్కరకు రాదు.

వేడిమి: రెండవ అంచెలోని పనిని ఎంజైములు నడుపును. చలిలో అవి మందగించును. వేడి పెరిగినకొలది చురుకగును. చాల పైరులకు 25 నుండి 30 డిగ్రీలు అనుకూలము. 40 డిగ్రీలు దాటినచో పని క్షీణించును.

నీరు: ఈ పనిలో ఖర్చగు నీరు అత్యల్పము. పైరు త్రాగిన నీటిలో చాలవరకు పత్రరంధ్రముల గుండ ఆవిరియై పోవును. వేరునకు నీరు చాలనప్పుడు ఆకు ఆ రంధ్రములను మూసికొనును. ఆవిరి నిలుచును గాని బొగ్గుపులుసు వాయువు రాకయు నిలుచును. ఎండిన చేనిలో ఆకులు వాడునప్పుడు వెలుగు నిండుగా నున్నను వంట ఆగుట ఇందువలన. తడి యారిన చేనికి ఎరువు చల్లుట యెందుకు ఫలింపదో దీనిని బట్టి తెలియును.

రాగియు వరియు

ఒకే ఎండలో అన్ని పైరులును ఒకటిగా పనిచేయవు. బొగ్గుపులుసు వాయువును పట్టుకొను ఎంజైము వేడిలో పొరపాటున ప్రాణవాయువును పట్టుకొనును. అప్పుడు చేసిన వంటలో కొంత వృథా యగును. వరి, గోధుమ పైరులలో ఈ నష్టము కలదు. రాగి, జొన్న, మొక్కజొన్న, చెరకులలో మరియొక ఏర్పాటున్నది. అవి బొగ్గుపులుసు వాయువును ముందుగా ఒక జాతి కణములలో పట్టి, లోపలి కణములకు పంపి, అచ్చట చిక్కగా నింపును. అందువలన వృథా మిక్కిలి తగ్గును, రంధ్రములను కొంచెము తెరచియుంచినను చాలును, నీరు మిగులును. ఈ మార్గమును 1966లో హాచ్, స్లాక్ అను శాస్త్రజ్ఞులు చెరకు మీద వివరించిరి. మెట్టభూములలో, తక్కువ వానలో, గట్టి యెండలో రాగి నిలుచుటకు గల కారణములలో ఇదియొకటి. మన పెద్దలు ఈ నేలకు రాగిని ఎంచుకొనుట అనుభవము. దాని కారణమును ఆకులోపల చూపుట శాస్త్రము.

ఇంట చేయదగిన పరీక్షలు

మొదటిది. చెరువులలో దొరకు హైడ్రిల్లా అను నీటిమొక్క కొమ్మను కోసి, నీరు నింపిన గాజుగ్లాసులో తెగిన కొన పైకి వచ్చునట్లు ముంచి ఎండలో నుంచవలెను. కొనల నుండి చిన్న బుడగలు లేచును. ఒక నిమిషములో ఎన్ని బుడగలో బిడ్డ లెక్కపెట్టవలెను. తరువాత నీడలో పెట్టి మరల లెక్కింపవలెను. మరల ఎండలో పెట్టి, చిటికెడు వంటసోడా కలిపి మూడవసారి లెక్కింపవలెను. సోడా నీటిలో బొగ్గుపులుసు వాయువును సమకూర్చును. ఎండలో బుడగలు హెచ్చినచో అప్పటి కొరత ఆ వాయువే యని తెలియును. నీడలో సోడా వేసినను హెచ్చనిచో అచ్చటి కొరత వెలుగని తెలియును. జగదీశచంద్ర బోసు మహాశయుడు ఈ హైడ్రిల్లా మొక్క మీదనే సూక్ష్మ యంత్రములతో పరిశోధనలు చేసి, 1924లో ఒక గ్రంథమును వెలువరించెను.

రెండవది. కుండీలోని మందారమొక్కను రెండు దినములు చీకటిగదిలో నుంచి, పిదప ఒక ఆకునకు మధ్యభాగమున నల్లకాగితమును రెండు వైపుల చుట్టి, ఒక పగలెల్ల ఎండలో పెట్టవలెను. సాయంకాలము ఆ ఆకును కోసి బడికి పంపినచో, మేము దానిని స్పిరిటులో ఉడికించి రంగు తీసి, అయోడిన్ చుక్కలు వేసి చూపింతుము. ఎండ తగిలిన భాగము నల్లని నీలముగా మారును; కాగితము క్రింది భాగము మారదు. నీలము పిండిపదార్థమునకు గుర్తు. స్పిరిటు త్వరగా మండునది గనుక ఈ భాగమును ఇంట చేయవద్దని మా మనవి.

మూడవది పరీక్ష కాదు, ప్రశ్న. చేనిలో ఒక మూల పైరు నీరసముగా నున్నప్పుడు, ఎరువు కొనుటకు ముందు బిడ్డను వెంట తీసికొనిపోయి, "ఇచ్చట కొరత యేది?" అని యడుగుడు. నీడయా, నీరా, వేడియా, నత్రజనియా? బిడ్డ చెప్పునది ఒకవేళ తప్పు కావచ్చును. అప్పుడు మీ అనుభవమును చెప్పి, బిడ్డ కారణమును చెప్పనిండు. సంచి ఎరువు ధర మీకు తెలియును. కొరత లేని చోట వేసిన ఎరువు ఏమగునో బిడ్డ మీకు చెప్పగలడు.

ఆంగ్ల పదములు, తమిళ పదములు పిల్లలకు పై చదువులలో ఎట్లును వచ్చును, రావలెను కూడ. మేము వానికి అడ్డు చెప్పుట లేదు. పాఠము మొదట అర్థమైన బిడ్డకు పేరు మారినను వస్తువు మారదు. అర్థము కానిదే పేరు నేర్చిన బిడ్డకు మాత్రము భాష మారగానే పాఠము కూడ పోవును. కావున పరీక్షలలో వచ్చిన మార్కులను చూచినట్లే, బిడ్డ పాఠమును మీతో తెలుగులో చెప్పగలడా యని కూడ చూడవలసినదిగా కోరుచున్నాము. వేసవి సెలవులలో ఒక మానుక్రింద కూర్చుండి, దాని కర్ర యెక్కడ నుండి వచ్చినదని అడిగి చూడుడు. మట్టి నుండి యని చెప్పినచో పాఠమును మరల చెప్పు భారము మాది. గాలి నుండి, నీటి నుండి, ఎండ బలముతో వచ్చినదని చెప్పి, ఎట్లో వివరింపగలిగినచో ఆ యేటి చదువు ఫలించినట్లే.